క్లాసీనా గులాబీ మొదట్లో బొడిపె

ఏప్రిల్ 9, 1979

మంచు మొత్తం కరిగింది. కాలవలు గట్టు అంచుదాకా నిండాయి. పడవ తిరగేసి చూస్తే అడుగు చెక్క చీలి ఉంది. తారు రాయాలి.

ఇలాంటి చలి చూసి చాలా ఏళ్ళైంది. వెనక మడిలో గులాబీలు సగం నల్లబడ్డాయి. క్లాసీనా నాటిన పొదకు పైకొమ్మలు పోయాయి. కింద పచ్చగానే ఉంది. పొద మొదలు దగ్గర మట్టి తీసి చూశాను. ఒక పక్క బెరడు చలికి పగిలింది. ఆ పగులు దగ్గర వాపు. అంటు కట్టిన చోట వాపు ఉంటుంది. మామూలే.

ఏప్రిల్ 10

గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది. అది అంటు మొక్క కాదు. గింజ నుంచి మొలిచింది.

మట్టి కప్పేసి వచ్చాను.

ఏప్రిల్ 15, ఈస్టర్

చర్చి నుంచి వస్తూ అన్నయ్య కొడుకు క్రైన్ ఇంట్లో భోజనం. అన్నయ్య పోయాక నర్సరీ వాడి చేతికి వచ్చింది. తండ్రిలాగే నోట్లో ముద్ద ఉండగానే పని మాట్లాడతాడు.

"బాబాయ్, సెప్టెంబర్లో తనిఖీవాళ్ళు వస్తారు. కాలవ అవతలాయనకి పోయినేడు ఏమైందో చూశావుగా. ఒక్క మొక్కకి బొడిపె కనబడిందని మడి మడంతా తగలబెట్టించారు. వెనక మడిలో ఏమన్నా ఉంటే ముందే చెప్పు."

"ఏమీ లేదు" అన్నాను.

వాడి భార్య యోపి బంగాళాదుంపలు వడ్డిస్తూ నవ్వింది. "మామయ్య ఏమీ లేదన్నాడంటే ఏదో ఉన్నట్టే. మా పెళ్ళికి కాలు విరిగి వచ్చి కూడా ఏమీ లేదనే అన్నాడు. డాన్సు కూడా చేశాడు."

"డాన్సు చెయ్యలేదు" అన్నాను.

"అదిగో, కాలి సంగతి మాత్రం ఒప్పుకున్నాడు."

కాఫీతో బిస్కెట్టు ఒకటి ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. క్లాసీనా ఉన్నప్పుడు తనూ అంతే చేసేది. మూత పెట్టాక మళ్ళీ తీసి నాకు ఇంకోటి ఇచ్చేది, ఎవరూ చూడకుండా.

మే 3

వాపు పెరిగింది. కోడిగుడ్డంత ఉంది. గరుకుగా, కాలీఫ్లవర్ లోపలి భాగంలా. బొడిపే. రాసుకున్నంత మాత్రాన ఎవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

బొడిపె వచ్చిన మొక్కని పీకి కాల్చాలి. బడికి పోకముందే నేర్చుకున్న సంగతి ఇది. ఎన్ని కాల్చానో. యాపిలు, రాస్‌బెర్రీ, వేరే గులాబీలు. ఎప్పుడూ వెనకాడలేదు.

ఇది ఒక్కటే ఉంది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు.

మే 11

లైడెన్ యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి సైకిలు మీద వచ్చింది. పేరు వెండెలా. పొడుగు మనిషి, బూట్లనిండా బురద. మా మళ్ళ మధ్య పలకల వంతెన మీద నడవడం రాక ఒక కాలు కాలవలో పెట్టిందట. ఏం కావాలమ్మా అని క్రైన్ అడిగితే, బొడిపెలు కావాలంది.

"మా ఊరికి ఇంగ్లండు వాళ్ళు గులాబీల కోసం వస్తారు, జర్మనీ వాళ్ళు రోడోడెండ్రాన్ల కోసం వస్తారు" అన్నాడు క్రైన్. "పులిపిర్ల కోసం వచ్చినదానివి నువ్వే."

"అవే కావాలి. అందమైనవి ఇచ్చినా తీసుకోను" అందా అమ్మాయి.

"పక్కవాళ్ళని అడక్కపోయావా?"

"అడిగాను. వాళ్ళలో ఎవరి దగ్గరా లేవట. ఈ ఊరంత ఆరోగ్యమైన ఊరు నేను చూళ్ళేదు."

క్రైన్ పగలబడి నవ్వాడు. చెత్తకుప్ప దగ్గర రాస్‌బెర్రీ మోళ్ళు ఉంటే చూపించమని నాకు చెప్పాడు. చూపించాను. ఆ అమ్మాయి మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో బొడిపెనీ పుట్టగొడుగు ఏరుకున్నట్టు ఏరుకుంది. ఏదో చెబుతోంది, నేను వింటున్నాను. మొక్క పెరగడానికి దాని ఒంట్లోనే రసాలు ఊరతాయట. అవి లెక్క తప్పితే ఇలా అవుతుందట. చెబుతూ చెబుతూ ఆ మాట అంది. కణితి అని. "ఇది మొక్కకి వచ్చే కణితి, తాతగారూ."

పడవకి తారు రాయాలని చెప్పి వచ్చేశాను. తారు పోయిన నెలలోనే రాశాను.

మే 12

ఆ అమ్మాయి తప్పేం లేదు. తన పని అది.

జూన్ 17, ఆదివారం

క్లాసీనా పొద పూసింది. సగం పొదే మిగిలింది కాబట్టి సగం పూలు. లేత గులాబీ రంగు, నడుమ పాలమీగడ. వాసన పండబోయే పియర్ తొక్కలా ఉంటుంది. వాన ముందు ఎక్కువ వస్తుంది. చర్చికి వెళ్ళలేదు. యోపి అడిగితే మోకాలు నొప్పి అన్నాను.

యుద్ధం చివర్లో వచ్చిన ఆకలి చలికాలంలో రొట్టె లేక, కంచెల మీది గులాబీకాయలు కోసి ఉడకబెట్టుకుని తాగాం. అప్పటికి మా పెళ్ళై ఏడాది కూడా కాలేదు. వడకట్టాక గింజలు పారెయ్యకుండా క్లాసీనా ఇసక పోసిన కుండలో పెట్టింది. మా అమ్మ తిట్టింది. "తినడానికి లేకపోతే ఇది గులాబీలు నాటుతోంది." క్లాసీనా ఏమీ అనలేదు. మాటలు మా ఇద్దరికీ తక్కువే. అందుకే కుదిరింది అనేది అమ్మ.

ఆ కుండలోంచి మొలిచింది ఇది. తక్కినవన్నీ ముళ్ళకంచెకే పనికొచ్చాయి. ఇది మూడో ఏడు పూసింది. అన్నయ్య చూసి, దీనికి పేరు పెట్టి అమ్ముదాం, ఇంగ్లండు వాళ్ళు ఎగబడతారన్నాడు. క్లాసీనా తల అడ్డంగా ఊపింది. "ఇది ఇంట్లోది" అంది. అంతే. అన్నయ్య మళ్ళీ అడగలేదు.

అందుకే ఒక్కటే ఉంది.

జూన్ 20

నిశ్చయించుకున్నాను. పొదని సెప్టెంబరు లోపల తీసెయ్యాలి. అంతకుముందే దాని కొమ్మముక్కలు వేరు పట్టించాలి. ఒక్కటి బతికినా చాలు. క్రైన్‌కి చెప్పను. బతికాక చెబుతాను.

జూన్ 23

కొమ్మముక్కలు పెట్టాను.

పాత పద్ధతి. కాలవ గట్టు మీది విల్లో చెట్టు లేత కొమ్మలు బకెట్లో నానబెట్టాను. ఆ నీళ్ళలో వేరు దింపే గుణం ఉంది. క్రైన్ అయితే దుకాణంలో దొరికే పొడి వాడతాడు. పొడి నాకు తుమ్ములు తెప్పిస్తుంది. పూసిన కొమ్మల్ని అడుగున అంటుకత్తితో చీల్చి, బకెట్లో నానేసి, చీలికలో నానిన గోధుమగింజ ఒకటి పెట్టి, ఇసకపెట్టెలో గుచ్చాను. గోధుమ మొలకెత్తుతూ కొమ్మని కూడా లేపుతుంది. మా నాన్న ఇలాగే చేసేవాడు, ఆయన నాన్న కూడా.

ఇది ఇద్దరు చేసే పని. నేను చీల్చేవాణ్ణి. క్లాసీనా గోధుమగింజలు బుగ్గన పెట్టుకునేది, అవి అక్కడే మెత్తబడేవి. నేను చీలిక విప్పి పట్టుకుంటే వంగి నాలుకతో గింజ ముందుకు తెచ్చి వేళ్ళతో తీసి పెట్టేది. నోట్లో గింజలు ఉన్నంతసేపూ మాట్లాడే పని లేదు. సాయంత్రం దాకా అలా. ఎదుటి మడివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. "లేండెర్ట్, నీ పెళ్ళాం నోట్లోంచి నువ్వు గింజ లాక్కుంటున్నావా, పక్షిపిల్లలా?" సిగ్గుతో నా చెవులు ఎర్రబడేవి. ఆవిడ మాత్రం తొణికేది కాదు.

యుద్ధం అయ్యాక మొదటిసారి గోధుమ దొరికినప్పుడు గుప్పెడు దాచి ఉంచింది. తినడానికి కాదు. కొమ్మలకి.

ఇవాళ గింజలు నా బుగ్గనే పెట్టుకున్నాను. రెండు మింగేశాను.

జూన్ 30

పెట్టె మీద తడిగుడ్డ కప్పాను. ఆకులు వాడలేదు.

జులై 8

నీళ్ళు పోశాను.

జులై 14

ఎండ. గుడ్డ రెండు మడతలు వేశాను.

జులై 19

క్లాసీనా పుట్టినరోజు. నీళ్ళు పోశాను.

జులై 28

ఒక కొమ్మని మెల్లగా లాగి చూశాను. రాలేదు. పట్టుకుంది. లోపల ఏదో పట్టుకుని ఉంది.

ఇంటికొచ్చి గుడ్డు వేయించుకున్నాను, వెన్నతో.

ఆగస్టు 5

క్రైన్ వెనక మడికి వచ్చాడు. నేను దాచేలోపే పెట్టె చూశాడు.

"ఇదేంటి బాబాయ్?"

"కొమ్మలు."

"కొమ్మలని కనబడుతూనే ఉంది. ఏ మొక్కవి?"

నేను పొదవైపు చూశాను. వాడు వెళ్ళి పొద మొదట్లో మట్టి చెక్కబూటు కొనతో తోశాడు. వాడికి కోపం వస్తే మెడ ఎర్రబడుతుంది. ఎర్రబడింది, మళ్ళీ తగ్గింది.

"పిన్ని మొక్కది" అన్నాడు.

"ఊఁ."

"ఈస్టర్‌కే తెలుసు నీకు."

నేను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాను.

"బాబాయ్, నాకు ఇద్దరు పనివాళ్ళున్నారు. ఈ మడి పోతే ఈ ఏడు పోయినట్టే. పీకెయ్యమని నా నోటితో చెప్పించకు. చెప్పలేను. పిన్ని నన్ను ఎత్తుకుని ఈ పొద దగ్గరే తిప్పేది, నాకు తెలుసు. తనిఖీ లోపల నువ్వే తీసెయ్. నేను చూడనట్టే ఉంటాను."

"తీసేస్తాను. ఇవి వేరు పట్టాయి" అన్నాను.

"పట్టాయా? తవ్వి చూశావా?"

"పట్టుకుంది."

వాడు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ పెట్టె మీద గుడ్డ సరిచేశాడు.

ఆగస్టు 12

పట్టుకుంది. ఇవాళ మళ్ళీ చూశాను. అన్నీ పట్టుకున్నాయి.

తవ్వి చూడలేదు. లేత వేళ్ళు తెగుతాయి.

ఆగస్టు 19

తవ్వి చూశాను.

ఆగస్టు 26

ఏమీ రాయలేదు ఈ వారం.

వేళ్ళు ఒకటీ అరా. పట్టుకున్నది వేళ్ళు కాదు. ప్రతి కొమ్మ అడుగునా, నేను చీల్చిన చోట, గోధుమ పెట్టిన చోట, బొడిపెలు, బఠాణీ గింజంత ఒకటి, వాల్‌నట్ అంత ఒకటి. ఇసకని కరుచుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా శుభ్రంగా లేదు. అన్నీ ఒకేలా, నా చేత్తో అతికించినట్టు.

యోపి పులుసు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. తలుపు తీయలేదని గట్టిగా అరిచింది. "మామయ్యా, బతికే ఉన్నావా? లేకపోతే గిన్నె వెనక్కిచ్చెయ్."

తీశాను. లైడెన్ అమ్మాయికి ఫోన్ చెయ్యమన్నాను. నాకు ఫోన్లో మాట రాదు.

ఆగస్టు 30

వెండెలా వచ్చింది. ఈసారి వంతెన మీద బాగానే నడిచింది. పెట్టె చూసింది, పొద చూసింది. కత్తి ఏదని అడిగింది, చూపించాను. బకెట్ ఏదని అడిగింది.

"అన్ని కొమ్మలూ ఈ ఒక్క బకెట్లోనే ముంచారా?"

"మరి?"

ఆ అమ్మాయి బకెట్ బోర్లించి దానిమీదే కూర్చుని చెప్పింది. నాకు అర్థమైనంత రాసుకుంటున్నాను.

మొక్కలో రెండు రసాలున్నాయి. ఒకటి వేరు దింపేది, ఒకటి చిగురు వేయించేది. విల్లో నీళ్ళలో ఉన్నది, మొలకెత్తే గోధుమలో ఉన్నది, మొదటి రకం. మొక్క తనకు కావలసినప్పుడు కావలసినంతే చేసుకుంటుంది, చాలనగానే ఆపుతుంది. మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంది. గాయం దొరికితే దూరుతుంది. చలికి పగిలిన బెరడు దానికి తలుపు. దూరి, తన దగ్గరున్న ఒక చిన్న తునక మొక్క కణంలో పెడుతుంది. ఆ తునక ఏం చేస్తుందో లైడెన్‌లో వాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారట. కానీ ఆ తర్వాత ఆ కణం రెండు రసాలనీ తనంతట తనే కాచుకుంటుంది. ఎవరూ ఇవ్వక్కర్లేదు. చాలనే మాట మరిచిపోతుంది.

"అయితే గోధుమ వల్ల వచ్చిందా?" అని అడిగాను.

"కాదు తాతగారూ. గోధుమ మంచిదే. విల్లో నీళ్ళూ మంచివే. మీ పద్ధతి నిజంగా పనిచేస్తుంది. కానీ అదే కత్తి, అదే బకెట్. ఒక్క కొమ్మకి ఉన్నా నీళ్ళలో కలిసి అన్ని చీలికల్లోకీ వెళ్ళింది. గాయం పచ్చిగా ఉండి, పైగా పెరుగు పెరుగు అని గోధుమ చెబుతుంటే, దానికి అంతకన్నా ఏం కావాలి?"

"సూక్ష్మజీవిని చంపితే బొడిపె ఆగుతుందా?"

"ఆగదు. మేం వేడి పెట్టి చంపి చూశాం. అది పోయినా బొడిపె పెరుగుతూనే ఉంటుంది. ఒకసారి నేర్చుకున్నాక దానికి గురువుతో పనిలేదు."

ఇది విని నేను లేచి కాలవ దాకా వెళ్ళి వచ్చాను. క్లాసీనా డాక్టరుని ఒకటే అడిగింది, ఇది నాలోకి ఎక్కడినుంచి వచ్చిందని. ఆయన, బయటినుంచి ఏమీ రాలేదు, మీ ఒళ్ళే చేసుకుంటోంది అన్నాడు. ఆవిడ చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఏదో తప్పు చేసినదానిలా. అప్పుడు నేను ఏదో ఒకటి అనాల్సింది. ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చేసరికి వెండెలా అక్కడే ఉంది. పొద నాటింది పోయిన నా భార్య అని చెప్పాను. ఆవిడ ఎలా పోయిందని అడిగింది. చెప్పాను. ఒక్క మాటే. ఆ మాట నా నోటితో అనడం ఇదే మొదటిసారి.

"నేను మేలో వచ్చినప్పుడు..." అంది.

"పరవాలేదు."

పోయేముందు ఒక దారి చెప్పింది. పొద కొనకొమ్మల చిట్టచివర, కంటికి ఆననంత చిగురు, బొడిపెకి దూరంగా ఉండేది, సాధారణంగా శుభ్రంగా ఉంటుందట. దాన్ని కోసి గాజుసీసాలో పెంచొచ్చు. సీసాలోని ఆహారంలో రసాలు కొలతగా కలుపుతారు. ఒకటి ఎక్కువైతే చిగురు, ఇంకోటి ఎక్కువైతే వేరు, రెండూ సరిసమానమైతే ఉత్త ముద్ద.

"వస్తుందా?" అన్నాను.

"గులాబీలు మొండివి. ఎక్కువభాగం చస్తాయి. అన్నీ చావొచ్చు. అబద్ధం చెప్పను."

"మా దగ్గరా గులాబీలు మొండివే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. ఎందుకో నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 4

వెండెలా సారాదీపం, చిన్న కత్తులు తెచ్చింది. ఒక్కో చిగురుకీ కత్తిని మంటలో పెట్టి చల్లార్చి కోసింది. నన్నూ కొయ్యమంది. నాకు మంటలో కత్తి పెట్టడం అలవాటు లేదు. కత్తి పదును పోతుందని మనసు పీకింది. అయినా పెట్టాను.

బొడిపె కూడా కావాలంది. కాసేపు ఇవ్వబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఇచ్చాను. కొత్త కత్తితో నేనే కోసి ఇచ్చాను. లోపల తెల్లగా, గట్టిగా, తడిగా ఉంది. కుళ్ళు లేదు. ఆరోగ్యంగా ఉంది.

సెప్టెంబర్ 8

పొద తీసేశాను.

ఒక్కణ్ణే తవ్వుదామనుకున్నాను. క్రైన్ పార పట్టుకుని వచ్చాడు. చూడనట్టు ఉంటానన్నవాడు. వేళ్ళు ఎంత లోతుకు పోయాయో. మాది పీట్ నేల, నాచు కుళ్ళిన మెత్తటి మట్టి, గడ్డపలుగు వేస్తే నీళ్ళూరుతుంది, అయినా పొద ఊడి రాదు. ఇద్దరం తడిసిపోయాం.

"పిన్ని పైనుంచి పట్టుకుని లాగుతోంది" అన్నాడు వాడు.

"ఆవిడకి అంత బలం ఎక్కడిది?"

"నన్ను చెవి పట్టుకుని కాలవలోంచి లాగింది. నువ్వు మర్చిపోయావేమో, నా చెవి మర్చిపోలేదు."

చివరికి వచ్చింది. కొమ్మముక్కల పెట్టెతో సహా కాల్చాం. పచ్చిది కాబట్టి పొగే ఎక్కువ. పొగలో ఆ వాసన వస్తుందేమోనని నిలబడ్డాను. రాలేదు. గులాబీ కాలితే ఏ కట్టె కాలినా వచ్చే వాసనే.

సెప్టెంబర్ 20

తనిఖీ అయింది. ఏమీ దొరకలేదు. క్రైన్ సాయంత్రం సీసా తెరిచాడు. నాకు ఒక గ్లాసు.

అక్టోబర్ 27

లైడెన్ వెళ్ళాను. యోపి వెంట వస్తానంది. వద్దన్నాను. బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను.

తెల్లటి గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా వెలిగే దీపాలు. అరలనిండా సీసాలు. వెండెలా ముందు ఒక సీసా చూపించింది. అందులో నిండుగా, లేతాకుపచ్చగా ఒక ముద్ద ఉంది.

"మీ పొద బొడిపె. దీనికి ఏ రసమూ కలపలేదు. ఉత్త చక్కెర, ఉప్పులు. దానిమట్టుకు అది పెరుగుతోంది. సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేదు."

"ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"మేం సీసా మారుస్తున్నన్నాళ్ళూ. చావదు."

"పూస్తుందా?"

"పూయదు. వేరు రాదు, ఆకు రాదు. పెరగడం తప్ప దానికి ఇంకేమీ రాదు."

చాలాసేపు చూశాను. పారెయ్యమని అనాలనిపించింది. అనలేకపోయాను. అదీ క్లాసీనా పొదదే.

తర్వాత చిగుళ్ళ సీసాలు చూపించింది. వరసగా నల్లబడినవి, బూజు పట్టినవి. ఒకదాంట్లో మాత్రం చిన్న ఆకులు విప్పుకుని ఒకటి ఉంది. బియ్యపుగింజ మీద నాలుగు ఆకులు అతికించినట్టు. వేరు లేదు. ఇప్పుడు వేరు దింపే రసంలోకి మార్చాలట. అది పడుతుందో లేదో తెలియదట.

"ఇదొక్కటేనా?"

"ఒక్కటే."

"అలవాటే" అన్నాను.

డిసెంబర్ 2

ఫోన్ లేదు.

డిసెంబర్ 23

కాలవల మీద పల్చగా గడ్డ కట్టింది. క్రైన్ పిల్లలు స్కేట్లకి నూనె రాసుకుంటున్నారు. క్లాసీనా నల్లగౌనుతో మా ఇంటినుంచి చర్చి దాకా మంచు మీద జారుతూ వెళ్ళేది, చేతులు వెనక్కి కట్టుకుని. నేను గట్టు మీద నడిచేవాణ్ణి. ఆవిడ ముందు చేరి, నాకోసం ఆగి ఉండేది.

ఫోన్ లేదు.

జనవరి 16, 1980

యోపి చెక్కబూట్లు కూడా వేసుకోకుండా వంతెన మీదుగా పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, వేరు వేసిందట. లైడెన్ అమ్మాయి ఫోన్ చేసింది. వేరు వేసిందని నీకు చెప్పమంది. ఏడుస్తున్నావా?"

"లేదు. చలి."

"చలేం కాదులే. స్టౌ పక్కనే కూర్చున్నావు."

మే 1

మొక్క ఇప్పుడు కుండీలో ఉందట, జానెడు. బొడిపె లేదు. నెలల తరబడి చూసి మరీ చెప్పింది వెండెలా. ఎప్పుడు తెచ్చి ఇవ్వమంటారని అడిగింది.

పొద ఉన్నచోట గడ్డి కూడా వెయ్యకుండా ఉంచాను. అక్కడే నాటుదామని. ఇవాళ పొద్దున ఆ ముక్క మట్టి పెళ్ళగించి చదును చేశాను. తర్వాత దాని పక్కన కూర్చున్నాను.

ఈ మట్టిలో ఆ సూక్ష్మజీవి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉంటుందని వెండెలా చెప్పింది. ఒక్క చలి పగులు చాలు. మా కత్తులన్నీ ఈ మట్టిలో గుచ్చినవే. ఈ ఊళ్ళో కత్తి పడని జానెడు నేల లేదు. నాకు దగ్గరగా పెట్టుకోవాలంటే ఆ మొక్కని మళ్ళీ ఇక్కడికే తేవాలి.

మే 4

యోపి చేత ఫోన్ చేయించాను. మొక్కని ఇక్కడికి తేవద్దన్నాను. ఎవరూ ఎప్పుడూ అంటు కట్టని చోట నాటమన్నాను. వెండెలా వాళ్ళమ్మకి సముద్రం ఒడ్డున నోర్డ్‌వైక్‌లో చిన్న తోట ఉందట. ఇసక నేల. గడ్డి, ఉల్లికాడలు తప్ప ఏమీ పెంచలేదట.

"అంత దూరమా, బాబాయ్? మళ్ళీ చూడగలవో లేదో" అన్నాడు క్రైన్.

"బస్సుంది" అన్నాను.

నవంబర్ 9

మోకాలు. ఈ ఏడు వెళ్ళలేకపోయాను. బతికే ఉందని కార్డు రాసింది వెండెలా.

వెనక మడిలో ఆ చోట క్రైన్ లావెండర్ వేశాడు. మంచిదే.

జూన్ 14, 1981

నోర్డ్‌వైక్ వెళ్ళాను. రెండు బస్సులు మారాలి.

వెండెలా స్వీడన్‌లో ఏదో సభకు వెళ్ళిందట. వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. నా వయసే ఉంటుంది, కొంచెం చిన్న. తెల్లజుట్టు, మగవాళ్ళ స్వెట్టరు. తలుపు తీసి నా టోపీ చూసి, "గులాబీ ఆయన మీరేనా, రండి, కాఫీ చల్లారుతుంది" అంది, ఎప్పటినుంచో ఎదురు చూస్తున్నట్టు.

ఇంటి వెనక ఇసక. గాలి. గోడ పక్కన పొద నా నడుము దాకా వచ్చింది. పూసింది. మా దగ్గర పూసినంత నిండుగా కాదు. ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడాయి. పూలు కొంచెం చిన్నవి, రంగు కొంచెం వెలిసినట్టు ఉంది. వంగి పొద మొదలు దగ్గర ఇసక తీసి చూశాను. నున్నగా ఉంది. వేలితో చుట్టూ తడిమాను. చుట్టూ నున్నగానే ఉంది.

అప్పుడు పువ్వు దగ్గరికి ముక్కు పెట్టాను.

"ఏమైనా తేడా ఉందా?" అని అడిగిందావిడ.

"లేదు."

"దీని పేరేంటి? పక్కింటావిడ రోజూ అడుగుతోంది. పేరు లేని గులాబీ ఉండదంటుంది. ఆవిడకి అన్నీ తెలుసు."

పేరు పెట్టలేదని చెప్పాను. ఎందుకు పెట్టలేదని అడిగింది. నా భార్య వద్దంది అన్నాను. ఎందుకు వద్దంది అని అడిగింది. ఆవిడ అడిగే తీరులో తొందర లేదు. చేతిలో కాఫీ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, జవాబు వచ్చినా రాకపోయినా పరవాలేదన్నట్టు.

ఆకలి చలికాలం నాటి కాయల నుంచి మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. కుండ సంగతి, అమ్మ తిట్టడం, బుగ్గన గింజలు, ఎదుటి మడివాళ్ళ వెక్కిరింతలు. అక్కడ ఆవిడ నవ్వి, మా ఆయన కూడా నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసేవాడు, మాట్లాడాలంటే ముందు మేకులు ఉమ్మాలి కాబట్టి మా ఇంట్లో గొడవలే లేవు అంది. ఆవిడ కుర్చీలు తెచ్చింది. డాక్టరు మాట కూడా చెప్పాను. క్లాసీనా చేతులు చూసుకుంటూ కూర్చున్న సంగతి చెప్పాను. నేను ఏమీ అనలేకపోయానని చెప్పాను.

"ఆవిడ పక్కన కూర్చున్నారా?" అంది.

"కూర్చున్నాను."

"మరింకేం?" అంది.

అయిదింటి బస్సు వెళ్ళిపోయింది. ఆరింటిదీ వెళ్ళిపోయింది. బఠాణీ పులుసు పెట్టింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆఖరి బస్సుకి పరిగెత్తాల్సి వచ్చింది, ఆవిడ నా టోపీ పట్టుకుని వెనకే.

ఇప్పుడే ఇంటికి వచ్చాను. కూర్చుని పెన్ను తీశాను. ఇవాళ జరిగింది పైన రాసేశాను. ఇంకేమన్నా మిగిలిందేమోనని చూసుకుంటున్నాను. రాయడానికి ఏమీ లేదు. అన్నీ ఆవిడకి చెప్పేశాను.